పాస్టర్ గారికి చెప్పుకున్న బాధ ప్రసంగంలో వినపడితే

ఒక చెల్లెమ్మ రాసిన ఉత్తరం ఇది, పెద్దది కాబట్టి క్లుప్తంగా చెప్తాను. మూడేళ్ల క్రితం కడుపులో బిడ్డ పోయింది, అప్పట్నించి భార్యాభర్తల మధ్య మాటలు తగ్గాయి, ఆ బాధ వాళ్ల పాస్టర్ గారికి చెప్పుకుంది. వారం వారం ఒంటరిగా కౌన్సెలింగ్. తర్వాత రాత్రి పదకొండు దాటాక మెసేజ్‌లు, "ప్రార్థనలో నువ్వే గుర్తొచ్చావ్, మీ ఆయనకి చెప్పకు, ఆత్మీయంగా ఆయనింకా ఎదగలేదు" అని. ఈమె వెళ్లడం మానేసింది. రెండు ఆదివారాలు తిరక్కుండానే ప్రసంగంలో "గర్భం పోయినా బుద్ధి రాని స్త్రీలున్నారు" అన్నాడట, పేరు చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా, సగం సంఘం వెనక్కి తిరిగి చూసింది. భర్తేమో దైవజనుడి మీద నోరు జారితే శాపం తగుల్తుంది అంటున్నాడు. "నేను దేవుడికి దూరమైపోతున్నానా అండీ?" అని అడిగింది.

లేదు చెల్లెమ్మా. మీరు దూరంగా జరిగింది ఒక మనిషి నుంచి, అదీ సరైన టైమ్‌కే జరిగారు.

ముందు ఆ శాపం సంగతి చూద్దాం, మీ ఇంట్లో అన్నిటికీ తాళం వేసింది అదే కదా. అభిషేకించినవాళ్లని, అంటే దేవుడు తన పనికి ఏర్పరచుకున్నవాళ్లని ముట్టొద్దు అనే మాట బైబిల్లో 105వ కీర్తనలో ఉంది, నిజమే. కానీ ఆ కీర్తన పైనుంచి చదవండి, అక్కడ అభిషిక్తులు అంటే ఊరూరా తిరిగే కొద్దిమంది పరదేశులు, అబ్రాహాము ఇస్సాకు వాళ్లు, దేవుడు గద్దించింది వాళ్లని బాధపెట్టగలిగే రాజుల్ని. అంటే బలమున్నోడి నుంచి బలం లేనివాళ్లని కాపాడ్డానికి చెప్పిన మాట, దాన్ని తిరగేసి మైకు పట్టుకున్నవాళ్లు తమకే కవచం చేసుకున్నారు. దావీదు రాజు కూడా అభిషిక్తుడే, అయినా తప్పు చేస్తే నాతాను ప్రవక్త ఎదురెళ్లి ఆ మనిషివి నువ్వే అన్నాడు, నాతానుకి ఏ శాపమూ తగల్లేదు. పేతురు పొరపాటు చేస్తే పౌలు అందరి ముందే నిలదీశాడు, గలతీ పత్రిక 2వ అధ్యాయంలో ఉంది. మీ ఆయన వాక్యం బాగా చదివే మనిషి అని రాశారు కాబట్టి ఇవి ఆయనకే చూపించండి, నా మాటగా కాదు.

ఇక ఆ మెసేజ్‌లు. మీ ఆయనకి చెప్పకు అన్నాడు చూశారా, నాకు అన్నిటికంటే గట్టిగా తగిలింది ఆ మాటే. నిజమైన కౌన్సెలింగ్‌లో మీ రహస్యాన్ని కౌన్సెలర్ దాచాలి, కౌన్సెలర్ రహస్యాన్ని మీరు దాచడం అనేది ఎక్కడా ఉండదు. కేథలిక్ సంఘ చట్టం, 1983లో వచ్చింది, 984వ నియమం చూడండి, ఒప్పుకోలులో, అంటే పాపాలు చెప్పుకునేటప్పుడు, ఫాదర్ విన్న విషయాన్ని ఆ మనిషికి నష్టం కలిగేలా వాడకూడదు, విషయం బయటపడే ప్రమాదం ఏమాత్రం లేకపోయినా సరే వాడకూడదు. మీది ఆ సంఘం కాదు, తెలుసు. కానీ పేరు చెప్పలేదుగా అని ఆయన తప్పించుకుంటాడు చూడండి, ఆ సాకుకి జవాబు అందులోనే ఉంది.

నేనే కదా ముందు వెళ్లింది, మెసేజ్‌లకి జవాబిచ్చింది నేనే కదా అని రాశారు. ఏడుస్తూ వెళ్లిన మనిషికీ, దేవుడి పేరుతో ఎదురుగా కూర్చున్న మనిషికీ బలం సమానం కాదమ్మా. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో అయితే కౌన్సెలింగ్‌కి వచ్చిన మనిషితో పాస్టర్ శారీరక సంబంధం పెట్టుకుంటే నేరం, ఆమె ఒప్పుకుంది అన్నా చెల్లదు. మీ విషయం అంతవరకు పోలేదు, పోకముందే లేచొచ్చారు, దానికి మిమ్మల్ని మీరు మెచ్చుకోవాలి గానీ తిట్టుకోవడమేంటి.

చేయాల్సింది చెప్తాను. మెసేజ్‌లు ఒక్కటి కూడా డిలీట్ చెయ్యొద్దు, కాపీ ఇంకెక్కడైనా పెట్టండి, ఏ తేదీన ఏమన్నాడో ఓ పుస్తకంలో రాసుకోండి, ఆ ప్రసంగం రికార్డింగ్ ఉంటే అదీ. ఆయన్ని ఒంటరిగా కలిసి అడుగుదాం అనుకోకండి, క్షమాపణ చెప్తాను రా అన్నా వెళ్లొద్దు. సంఘ పెద్దలకి చెప్పాలంటే రాతపూర్వకంగా ఇవ్వండి, పక్కన ఒకరిని తీసుకెళ్లండి. పెద్దలంతా ఆయన బావమరుదులూ తమ్ముళ్లే అయితే (చాలా చోట్ల అదే కథ) పైన డినామినేషన్ ఆఫీసుకి, అంటే మీ సంఘం ఏ పెద్ద సంస్థ కిందుందో దాని ఆఫీసుకి రాయండి, పైన ఎవరూ లేని సొంత సంఘమైతే ఇంక అక్కడ న్యాయం కోసం ఆగకండి, బయటికి వచ్చేయండి. బెదిరించినా, ముట్టుకోబోయినా మాత్రం సంఘం కాదు, పోలీసులే.

ఇంకో సంఘానికి వెళ్తే ఏం చూడాలి అన్నారు. ప్రసంగం ఎంత బాగుంది అన్నది కాదు. కౌన్సెలింగ్ గదికి అద్దం తలుపు ఉందా, పక్కన ఇంకో మనిషి ఉంటారా, లెక్కలు బయటివాళ్లు ఆడిట్ చేస్తారా, పాస్టర్ మీద ఫిర్యాదు ఉంటే ఆయన కింద పనిచేయని మనిషికి ఇచ్చే దారి ఉందా అని అడగండి. అడిగితే మొహం మాడ్చుకున్నారంటే అదే జవాబు. ఆ పాస్టర్‌ని వేరే చోటికి పంపించేశాం, అయిపోయింది అనే సంఘాల్ని అస్సలు నమ్మొద్దు, 2002లో బోస్టన్‌లో బయటపడ్డ ఘోరం అదే, పిల్లల మీద అఘాయిత్యం చేసిన ఫాదర్లని ఓ చర్చి నుంచి ఇంకో చర్చికి మారుస్తూ పోయారు, చివరికి అక్కడి కేథలిక్ చర్చిలకి పెద్దగా ఉన్న కార్డినల్ రాజీనామా చేయాల్సొచ్చింది. పోప్ ఫ్రాన్సిస్ 2019లో ఒక ఆజ్ఞ ఇచ్చాడు, ఇలాంటివి తెలిసిన ఫాదర్లూ సిస్టర్లూ పైవాళ్లకి తెలియజేసి తీరాలి అని, కప్పిపుచ్చిన బిషప్పుల మీద కూడా విచారణ చేసేలా. ఆలస్యంగానే వచ్చింది, అయినా వచ్చింది.

అన్నిటికంటే ముందు మీ ఆయనతో మాట్లాడాలి, మీకు భయం కూడా అక్కడే. పాస్టర్ పేరుతో మొదలుపెట్టకండి, మొదలుపెడితే ఆయన వెంటనే అటువైపు నిలబడిపోతాడు. బిడ్డతో మొదలుపెట్టండి. ఆ రోజు హాస్పిటల్ నుంచి ఆటోలో వస్తూ ఇద్దరూ చెరోవైపు చూస్తూ కూర్చున్నాం అని నాకు రాశారు చూడండి, ఆ మాట మీరు పాస్టర్ గారికి చెప్పారు, ఇప్పుడు నాకు చెప్పారు, మీ ఆయనకి ఇంతవరకు చెప్పలేదు. అది చెప్పండి. ఆయన ఏదో ఒకటి మాట్లాడేదాకా ఆగండి, ఎంతసేపైనా. ఫోన్ తర్వాత చూపించొచ్చు.