రక్తపరీక్షలోని ఆ నిష్పత్తికి భయపడాలా?

ప్రశ్న: మా నాన్నగారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ఆపరేషన్ జరిగింది. అంతకుముందు చేసిన రక్తపరీక్షలో తెల్ల రక్తకణాల్లో న్యూట్రోఫిల్స్ అనే రకం 72 శాతం, లింఫోసైట్స్ అనే రకం 18 శాతం ఉన్నాయి. ఈ రెండింటి నిష్పత్తి ఎక్కువైతే ప్రమాదమంటున్నారు, నిజమేనా?

జవాబు: 72ను 18తో భాగిస్తే మీ నాన్నగారి నిష్పత్తి 4. ఆపరేషన్‌కు ముందు ఇది ఎక్కువగా ఉన్నవారిలో, సగటున చూస్తే, చికిత్స ఫలితాలు కొంత నిరాశాజనకంగా ఉంటున్నాయని పలు అధ్యయనాలు చెబుతున్న మాట నిజమే. అయితే ఎంత దాటితే ఎక్కువ అన్న గీతను ఒక్కో అధ్యయనం ఒక్కోచోట గీసింది. పైగా ఛాతీలో ఇన్ఫెక్షన్ ఉన్నా, స్టెరాయిడ్లు వాడుతున్నా న్యూట్రోఫిల్స్ పెరుగుతాయి. ఆపరేషన్ తర్వాత కొన్ని రోజులు ఎవరికైనా పెరుగుతాయి కనుక ఆ రోజుల రిపోర్టు చూసి బెంగపడటం అనవసరం. శరీరంలో ఇన్‌ఫ్లమేషన్‌ను (వాపును) సూచించే సీఆర్‌పీ అనే రక్తపరీక్షదీ దాదాపు ఇదే కథ. తదుపరి చికిత్సను ప్రధానంగా నిర్ణయించేవి, తీసిన భాగానికి చేసిన పరీక్షలో తేలిన వ్యాధి దశ, లింఫు గ్రంథులకు అది పాకిందా లేదా అన్న విషయం. డాక్టరుగారిని ముందుగా వాటి గురించే అడగండి.