మల్కాజిగిరి పాత చరిత్ర కాగితాల్లో ఎక్కడ దొరుకుతుంది?

మల్కాజిగిరిలో ఇల్లు కొన్నాం, కాలనీ లేవకముందు ఇక్కడ ఏముండేదో తెలుసుకోవడం ఎలా అని అడిగారు కదా. ముందు జిల్లా పేరు చూసుకోండి. చాలామంది ఇక్కడే తప్పిపోతారు. మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా 2016 అక్టోబరు 11న వచ్చింది. 1978 ఆగస్టు 15 నుంచి అప్పటిదాకా రంగారెడ్డి, అంతకుముందు హైదరాబాద్ జిల్లా. నిజాం కాలపు దస్త్రాలైతే అత్రాఫ్-ఎ-బల్దా అనే జిల్లా కింద వెతకాలి. నగరం చుట్టుపక్కల ఊళ్లు అందులోవే. మండలం అన్న మాట 1985 నాటిది, పాత కాగితాల్లో తాలూకానే కనిపిస్తుంది. ఇక మున్సిపాలిటీ ఫైళ్లంటే 2007 ఏప్రిల్‌లో జీహెచ్ఎంసీలో కలవకముందువి అన్నమాట.

అసలు సరుకంతా 1954-55 ఖాస్రా పహాణీలో, అంటే సర్వే నంబర్ల వారీగా భూమి వివరాలు రాసిన రెవెన్యూ రికార్డులో ఉంటుంది. మీ సేల్ డీడ్ షెడ్యూలులో సర్వే నంబరు ఉంటుంది, దాంతో తహసీల్దార్ ఆఫీసులో నకలుకు దరఖాస్తు పెట్టండి. పట్టాదారు ఎవరు, సాగులో ఎవరున్నారు, భూమి తరీనా ఖుష్కీనా అన్నది అందులో తెలుస్తుంది. ఖుష్కీ అంటే మెట్ట; తరి అంటే నీటి వసతి ఉన్న పొలం కాబట్టి దగ్గర్లో చెరువో బావో ఉండి ఉండాలి. 'శిఖం' అని రాసుంటే అది చెరువు గర్భమే. విస్తీర్ణం దగ్గర జాగ్రత్త: 3-12 అంటే 3 ఎకరాల 12 గుంటలు, మూడు పాయింట్ పన్నెండు కాదు. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు. కాలిక్యులేటర్‌లో 3.12 అని కొడితే మొత్తం లెక్క తప్పుతుంది.

దానికంటే వెనక్కి పోవాలంటే సేత్వార్, అంటే సర్వే అయ్యాక మొదట రాసిన భూమి రికార్డు కావాలి, అది సర్వే శాఖ దగ్గర అడగాలి. చాలావరకు ఉర్దూలో ఉంటుంది, సంవత్సరాలు ఫసలీలో, అంటే నిజాం కాలపు రెవెన్యూ లెక్కలో. 590 కలపండి: 1358 ఫసలీ అంటే 1948-49. భూమి దివానీదా (ప్రభుత్వానిది), సర్ఫ్-ఎ-ఖాస్‌దా (నిజాం సొంతం), జాగీరుదా (జాగీర్దారుకు ఇచ్చింది) అన్నది కూడా గమనించండి. జాగీర్ల రద్దు 1949లో జరిగింది, పట్టాదారు పేర్లు ఆ తర్వాతే మారుతూ వస్తాయి. కంటోన్మెంటు వైపు స్థలమైతే రెవెన్యూ పహాణీలో వెతికి లాభం లేదు, వాళ్ల ల్యాండ్ రిజిస్టరు వేరు.

లింకు డాక్యుమెంట్లలో, అంటే మీకంటే ముందటి అమ్మకాల పత్రాల్లో, హద్దుల పేరా చదవకుండా వదిలేస్తారు, నా లెక్కలో రుచి అంతా అక్కడే. 'తూర్పు: బండ్ల బాట, ఉత్తరం: రైల్వే హద్దు' అన్న రెండు ముక్కల్లో ఒక పాత నక్షా దాగి ఉంటుంది. ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ఆన్‌లైన్‌లో 1983 నుంచే వస్తుంది. వెనకటివి సబ్‌రిజిస్ట్రార్ దగ్గర చేత్తో వెతికించాలి. అమ్మినవారి పేరు, సుమారు సంవత్సరం లేకపోతే దొరకడం కష్టం.

చూసిందాన్ని సరిపోల్చుకోవడానికి సర్వే ఆఫ్ ఇండియా షీటు 56 కె/11 తెచ్చుకోండి. పాత ముద్రణల్లో అంగుళానికి మైలు. సికింద్రాబాద్-మన్మాడ్ మీటర్‌గేజి లైను 1900 ప్రాంతంలో పడింది, మల్కాజిగిరి స్టేషను దాని మీదే ఉంది. నక్షాలో ముందు ఆ పట్టాలు పట్టుకుంటే మీ వీధి ఎక్కడో తేలిగ్గా తేలుతుంది.

'మల్లికార్జునగిరి' నుంచి పేరొచ్చిందన్న మాట అందరూ చెబుతారు. పాత కాగితంలో ఆ రూపం కంటపడేదాకా దాన్ని చెప్పుకునే మాటగానే రాసుకోండి. గుళ్లో, దర్గాలో శాసనం కనబడితే పొద్దున్నో సాయంత్రమో ఏటవాలు ఎండలో ఫోటో తీయండి, నడినెత్తి ఎండలో అక్షరాలు తేలవు. సుద్ద, పసుపు, నూనె మాత్రం పూయకండి.