మధ్యాహ్నం రీడింగ్ పడిపోతే అది వేడి దెబ్బేనా?

నీటి వేడి పగడాలను ఎలా దెబ్బతీస్తుందో చూసే మీ ప్రయోగంలో, వేడి చేయని తొట్టిలోని పగడాలకూ మధ్యాహ్నం ఎఫ్‌వి/ఎఫ్‌ఎం (కిరణజన్య సంయోగక్రియ సామర్థ్యాన్ని చూపే కొలత) విలువ పడిపోతోందని, ప్రయోగం చెడిపోయిందేమోనని అడిగారు. చెడిపోలేదు, టెన్షన్ పడకండి. ఎండ ఎక్కువైతే పగడంలోని శైవలాలు మిగులు కాంతిని వేడిగా మార్చి వదిలేస్తాయి. అందుకే విలువ తగ్గుతుంది, చీకటి పడ్డాక మళ్లీ కోలుకుంటుంది.

వేడి దెబ్బ తీరు వేరు. శైవలాల్లో కాంతిని వాడుకునే ప్రోటీన్ల సముదాయమైన ఫోటోసిస్టమ్-2లోని డి1 ప్రోటీన్‌ను కాంతి రోజూ పాడుచేస్తూనే ఉంటుంది, కణం దాన్ని బాగుచేసుకుంటూనే ఉంటుంది. నీరు వేడెక్కితే ఈ మరమ్మతు మందగిస్తుంది. పైగా కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి ఆహారంగా మార్చడంలో (కార్బన్ స్థిరీకరణలో) కీలకమైన రుబిస్కో ఎంజైమ్ ఈ శైవలాల్లో వేడికి అంతగా తట్టుకోలేదు. కార్బన్ స్థిరీకరణ తగ్గాక, కాంతి శక్తితో కదిలిన ఎలక్ట్రాన్లకు వెళ్లే దారి ఉండదు, అవి ఆక్సిజన్‌ను అంటుకుని హానికరమైన రూపాలుగా మారుస్తాయి. పగడాలు శైవలాలను కోల్పోయి తెల్లబడటానికి ముఖ్య కారణాల్లో ఇదొకటి.

కాబట్టి తెల్లవారకముందే కొలవండి, రోజూ అదే వేళకు. ఆరోగ్యంగా ఉన్నవాటికి సుమారు 0.6 నుంచి 0.7 వస్తుంది. వేడి తొట్టిలో ఆ వేకువ విలువే రోజురోజుకూ దిగుతుంటే నష్టం నిజమే. వీలైతే అదే తొట్టిలో సగం పగడాలకు నీడ కట్టి చూడండి. నీడలోవి తక్కువ దెబ్బతింటే, వేడితో పాటు కాంతి పాత్ర ఎంతో మీ లెక్కల్లోనే తేలుతుంది. నాకు ఈ పోలికే అన్నిటికన్నా విలువైనదనిపిస్తుంది.