ప్లాటూన్ చేతికొచ్చే ముందు

చిరంజీవి మనవడికి, తాతయ్య ఆశీస్సులు.

వచ్చే నెల డెహ్రాడూన్‌లో నీ భుజాన ఆఫీసరు నక్షత్రాలు పెడతారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు. ఇక వెళ్ళీ వెళ్ళగానే ముప్పై మంది జవాన్ల ప్లాటూన్ నీ చేతికొస్తుంది. సిపాయిగా చేరి సుబేదారుగా దిగినవాణ్ణి, వాళ్ళ తరఫున ఒక మాట చెప్తాను విను.

రెండో ప్రపంచ యుద్ధంలో బర్మాలో జపాన్‌తో పోరాడిన బ్రిటిష్ సేనాని జనరల్ స్లిమ్ జీవితం చదువు. గొప్పింటి బిడ్డ కాదు. బర్మింగ్‌హామ్‌లో చిన్నబడి పంతులుగా, గుమాస్తాగా పనిచేసి, 1914 యుద్ధంలో సైన్యంలోకొచ్చాడు. తర్వాత మన గూర్ఖా పటాలంలో చేరాడు. 1942లో రంగూన్ జపాన్ చేతికి పోయాక ఓడిన దళాల్ని సుమారు 900 మైళ్ళు వెనక్కి, ఇంఫాల్ దాకా నడిపించుకొచ్చింది ఆయనే. బర్మాలో కూలికి పోయిన మనవాళ్ళూ ఆ ఏడే పిల్లల్ని చంకనేసుకుని ఆ కొండలు దాటారు.

అందరూ 1944 ఇంఫాల్, 1945లో బర్మాలోని మెయిక్టిలా గెలుపులే చదువుతారు. నువ్వు ముందు 1943 చూడు. యుద్ధంలో గాయపడి వెనక్కొచ్చినవాడు ఒక్కడైతే, జబ్బుపడి వచ్చినవాళ్ళు 120 మంది! మలేరియాకి మెపాక్రిన్ మాత్రలిచ్చారు. వాటితో ఒళ్ళు పచ్చబడేది. మగతనం కూడా పోతుందని పుకారు లేచి జవాన్లు మింగడం మానేశారు. స్లిమ్ డాక్టర్లనేమీ అనలేదు. చెప్పాపెట్టకుండా పటాలం మొత్తానికీ పరీక్ష చేయించి, 95 శాతం కన్నా తక్కువ మంది మింగినట్టు తేలితే ఆ పటాలం కమాండింగ్ ఆఫీసర్నే (సీఓ) తీసేశాడు. ముగ్గుర్ని తీసేసరికి మిగతావాళ్ళు దారికొచ్చారు.

ఇది నాకు ఎందుకంత తెలుసో చెప్తాను. హవల్దారుగా అడవి పోస్టులో ఉన్నప్పుడు మలేరియా మాత్రలు పంచే పని నాది. వరసగా చేతుల్లో పెట్టి, రిజిస్టర్‌లో టిక్కులు కొట్టేవాణ్ణి. నోట్లో వేసుకున్నారో లేదో చూడలేదు. ఒకరోజు బంకర్ మూల ఇసుక బస్తా జరిపితే కింద తడిసి ముద్దయిన మాత్రలు, గుప్పెడు. అప్పటికే ముగ్గురికి జ్వరం. ఒక కుర్రాడు నాలుగు కంబళ్ళ కింద పళ్ళు టకటకలాడిస్తూ వణుకుతుంటే వాడి కాళ్ళు పట్టుకుని కూర్చున్నాను. తప్పు వాడిది కాదు, నాది.

ముందు వరస దళాలకి సగం రేషన్ అందిన రోజుల్లో స్లిమ్ తన హెడ్‌క్వార్టర్స్‌లో కూడా సగమే పెట్టించేవాడు. ఆకలి తెలిస్తే గానీ ఆఫీసులో కూర్చున్నవాళ్ళ చేతులు కదలవు మరి.

ఇంకొకటి. 1940లో సూడాన్ సరిహద్దు గల్లాబాత్‌లో ఆయన దాడి బెడిసింది. మళ్ళీ దూకాల్సిన చోట వెనకడుగు వేశానని, ఆ తప్పు తనదేనని తర్వాత తనే రాసుకున్నాడు. నీకూ అలాంటి రోజు వస్తుంది. అప్పుడు కిందివాళ్ళ పేరు చెప్పకు నాన్నా.

చేరిన మొదటి రాత్రి జవాన్లు తినే లంగర్‌కి వెళ్ళు. వరసలో చివరివాడి పళ్ళెంలో ఏం పడిందో చూశాకే నీ ఆఫీసర్ల మెస్‌కి పో. స్లిమ్ జవాన్లతో ఉర్దూలో, గూర్ఖాలీలో (గూర్ఖాల నేపాలీ భాష) మాట్లాడేవాడు. నువ్వూ నీ జవాన్ల భాష నేర్చుకోవాలి. రెజిమెంటు ఏదో తెలిసిన రోజే నాకు ఫోన్ చెయ్యి. ఆ భాష నేర్పే పాత సుబేదారు ఎవరో ఒకరు నాకు తెలిసే ఉంటారు.

మీ తాతయ్య