పాత ఇంగ్లిష్ గడియారం కొనబోతున్న అల్లుడికి

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. అక్కడ వేలంలో నిలువు గడియారం, అదే నేల మీద నిలబెట్టే పొడవాటి చెక్కపెట్టె గడియారం, కొనాలని చూస్తున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం వేసింది. డయల్ మీద పేరు చూసి మాత్రం ధర పాడకు.

గొప్ప పేర్లు ఉన్నమాట నిజమే. హాలండ్‌లో హైగెన్స్ అనే శాస్త్రవేత్త 1656లో లోలకం గడియారం కనిపెడితే, లండన్ పనివాడు ఫ్రొమాంటీల్ కొడుకు అక్కడి హేగ్ నగరానికి వెళ్ళి ఆ పని నేర్చుకొచ్చాడు. ఒకసారి కీ ఇస్తే వారం, నెల, ఏడాది నడిచే గడియారాలు మా దగ్గరున్నాయని 1658లోనే ఫ్రొమాంటీల్ పత్రికలో ప్రకటన ఇచ్చాడు. బెడ్‌ఫర్డ్‌షైర్ కమ్మరి కొడుకు థామస్ టాంపియన్ 1676లో గ్రీనిచ్ అబ్జర్వేటరీకి ఏడాదికోసారి కీ ఇచ్చే గడియారాలు రెండు చేసిచ్చాడు. వాటి లోలకం 13 అడుగులు! ఆయన్నీ, ఆయన దగ్గర పనిచేసిన జార్జ్ గ్రాహంనీ లండన్‌లోని పెద్ద చర్చి వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బేలో ఒకే సమాధిలో ఉంచారు. చేతిపనివాళ్ళకు అంత గౌరవం దక్కిందని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

నీ బడ్జెట్‌లో దొరికేది మాత్రం 1780, 1820 మధ్య పల్లెటూరి గడియారం. వాటి డయల్ మీద ఉండేది చాలాసార్లు అమ్మిన దుకాణదారు పేరే. 1770ల నుంచి తెల్ల రంగు వేసిన ఇనుప డయళ్ళు బర్మింగ్‌హామ్‌లో తయారై ఊరూరా వెళ్ళేవి. పెట్టె చేసింది స్థానిక వడ్రంగి. అందుకే డయల్ వెనక్కి టార్చి వేసి చూడు. అక్కడ బిగించిన ఇనుప పలక మీద ఆస్బోర్న్, విల్సన్ లాంటి పేరు పోతపోసి ఉంటే అది డయల్ చేసినవాళ్ళది.

తర్వాత తలభాగం మూత తీయించు. మిషన్ కూర్చునే చెక్కపలకను నిదానంగా చూడు. పాత మేకుల రంధ్రాలు ఎక్కువగా ఉన్నాయా? పలక కింద ఎత్తు కోసం కొత్త చెక్క ముక్కలు పెట్టారా? డయల్‌కీ తలుపు చట్రానికీ మధ్య ఒకపక్క సందు కనిపిస్తోందా? అయితే ఒక గడియారం మిషన్‌ని ఇంకోదాని పెట్టెలో పెట్టారేమోనని అనుమానించు. అలాంటిది కొనకూడదని కాదు, అసలు జోడీకి ఇచ్చే ధర ఇవ్వొద్దు.

ఇత్తడి డయల్ దొరికితే అంకెల వలయం మీద బ్రాసో పాలిష్ రుద్దకు. ఆ వెండిపూత చాలా పల్చన, రెండు రుద్దులకే పోతుంది. ఇంటికి తెచ్చేటప్పుడు ముందు బరువులు దించు, తర్వాత లోలకం విప్పు. విప్పకుండా వ్యానెక్కిస్తే లోలకాన్ని పట్టి ఉంచే సన్నని స్ప్రింగు విరుగుతుంది. టెన్షన్ పడి నూనె కూడా పొయ్యకు. ఎక్కువైతే దుమ్ము పట్టి, ఇరుసులు అరిగిపోతాయి.

వేలం ముందురోజు సరుకు చూడనిస్తారు. వెళ్ళి మిషన్ వెనకవైపు, చెక్కపలక, డయల్ వెనక ఫోటోలు తీసి వాట్సాప్‌లో పంపు. ఎంతవరకు పాడొచ్చో ఆ రాత్రికే చెప్తాను.

మీ మామయ్య