డాక్టర్ సలహా: పైన మాడుతోంది, లోపల పచ్చి.. బొగ్గుల మీద చికెన్ మానేయాలా?

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్. ఈమధ్యే బొగ్గుల గ్రిల్ కొన్నాం. రెండుసార్లు లెగ్ పీసులు కాల్చాం. రెండుసార్లూ పైన మాడిపోయింది, ఎముక దగ్గర మాత్రం ఎర్రగానే ఉంది. మొదటిసారి తిన్న మర్నాడు మా వారికీ, బాబుకీ విరేచనాలు. రెండోసారి వాన రావడంతో గ్రిల్‌ను హాల్లోకి జరిపి, కిటికీలు తీసి కాల్చాం. ఆ రాత్రి అందరికీ తలనొప్పి, నాకు వాంతి కూడా. పొగ పడలేదేమో అనుకున్నాం. మాడిన మాంసం తింటే కేన్సర్ వస్తుంది, తీసేయండి అంటున్నారు మా మామగారు. ఆయనకు ఆస్తమా ఉంది. మానేయాల్సిందేనా? మటన్ తొడ నిదానంగా పొగ మీద చేయాలని కూడా ఉంది.
– ఓ పాఠకురాలు

జవాబు: మానేయక్కర్లేదు. కానీ మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది కేన్సర్ కాదు, మీరు తేలిగ్గా రాసేసిన ఆ తలనొప్పి.

అది పొగ పడకపోవడం అయి ఉండదు. చాలావరకు కార్బన్ మోనాక్సైడ్ ప్రభావమే. బొగ్గు కాలేటప్పుడు పుట్టే ఈ వాయువుకు రంగూ లేదు, వాసనా లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. పొగ ఆగిపోయి నిప్పుల మీద బూడిద కమ్మగానే ఇక భయం లేదనుకుంటారు. అప్పుడు కూడా వాయువు వస్తూనే ఉంటుంది. కిటికీలు తీసినా, ఫ్యాన్ వేసినా ఇంట్లో దీన్ని నమ్మడానికి లేదు. ఒకే గదిలో ఉన్నవాళ్లకు ఒకేసారి తలనొప్పి, వికారం, మత్తు మొదలైతే అందరూ బయటికి వచ్చేసి 108కి ఫోన్ చేయాలి. వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్ 98 చూపించిందని ఊరుకోవద్దు. ఈ వాయువు పట్టిన హీమోగ్లోబిన్‌ను కూడా అది ఆక్సిజన్ ఉన్నట్టుగానే లెక్క కడుతుంది. ఆస్పత్రిలో మొదటి మాటగా ‘గదిలో బొగ్గులు కాల్చాం’ అని చెప్పండి. మామూలు గాలి పీలుస్తుంటే రక్తంలో ఈ వాయువు సగానికి తగ్గడానికి 4 నుంచి 5 గంటలు పడుతుంది. మాస్కుతో నూరు శాతం ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నరలో తగ్గుతుంది.

కాబట్టి గ్రిల్ స్థానం డాబా మీద, లేదా ఆరుబయట. అద్దాలు మూసిన బాల్కనీ గది కిందే లెక్క. వాన వస్తే వంట ఆపేయాలి తప్ప గ్రిల్‌ను లోపలికి జరపకూడదు. మామగారిని గాలి వచ్చే వైపు, పొగకు దూరంగా కూర్చోబెట్టండి. ఇన్‌హేలర్ ఆయన జేబులోనే ఉండాలి.

ఇక విరేచనాలు. ఎముక దగ్గర ఎరుపు కనిపించినంత మాత్రాన పచ్చిగా ఉన్నట్టు కాదు. బ్రాయిలర్ కోళ్లు లేతవి కాబట్టి ఎముకలోని మూలుగ రంగు బయటికి ఊరుతుంది, ఫ్రీజర్‌లో పెట్టి తీసిన ముక్కల్లో మరీ ఎక్కువ. అలాగే పైకి తెల్లగా కనిపించే ముక్క లోపల ఉడకకపోవచ్చు. రంగును నమ్మకండి. సూది ఉండే డిజిటల్ మాంసం థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి. ఎముకకు తగలకుండా కండ మందంగా ఉన్నచోట గుచ్చితే చికెన్‌లో 74 డిగ్రీల సెల్సియస్ చూపాలి. మటన్ కీమా కబాబులకు 71, చేపకు 63.

నాకు ఇంకో అనుమానం ఉంది. మసాలా పట్టించిన గిన్నెలో బ్రష్ ముంచి, కాలుతున్న ముక్కల మీద చివరిదాకా రాశారా? పచ్చి చికెన్ నీళ్లు కలిసిన ఆ మసాలాను ఉడికిన ముక్కకు మళ్లీ పూసినట్టే కదా! సాల్మొనెల్లా లాంటి క్రిములు అలాగే ఇంటికొస్తాయి. పైన రాయడానికి కొంచెం మసాలా ముందే వేరే గిన్నెలోకి తీసి పెట్టండి. పచ్చి ముక్కలు తెచ్చిన పళ్లెంలో కాలినవి పెట్టొద్దు. మసాలా పట్టించాక ఫ్రిజ్‌లోనే ఉంచాలి. వండిన ముక్కలు బయట రెండు గంటలకు మించి ఉండకూడదు, మన ఎండాకాలంలో అయితే గంటే.

విరేచనాలకు ఓఆర్ఎస్ చాలు. రక్తం పడినా, జ్వరం 102 దాటినా, నీళ్లు కూడా కడుపులో నిలవకపోయినా, బాబు మూత్రం సరిగా పోయకపోయినా ఆగకుండా డాక్టర్‌కు చూపించండి. సొంతంగా యాంటీబయాటిక్ వద్దు.

మామగారి మాటలో నిజం లేకపోలేదు. మాంసం పెద్ద సెగ మీద మాడితే హెటిరోసైక్లిక్ ఎమీన్లనే, కేన్సర్‌కు దారితీయగల రసాయనాలు పుడతాయి. కొవ్వు నిప్పుల మీద కారి లేచే పొగలో అలాంటివే పీఏహెచ్‌లు (పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు) ఉంటాయి, అవి ముక్కకు అంటుకుంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సర్ విభాగం 2015లో సాసేజ్, బేకన్ లాంటి ప్రాసెస్ చేసిన మాంసాన్ని మొదటి గ్రూపులోనూ (కేన్సర్ కారకమని తేలినవి), మటన్, బీఫ్ లాంటి ఎర్ర మాంసాన్ని 2ఏలోనూ (బహుశా కారకం కావచ్చు అనేవి) చేర్చింది. ఆ గ్రూపులు ఆధారం ఎంత గట్టిదో చెబుతాయి, ప్రమాదం ఎంతో కాదు. నెలకోసారి కాల్చుకునే చికెన్‌కు ఇల్లంతా బెంగపెట్టుకోనక్కర్లేదు. నల్లగా మాడిన చోట కోసి పారేయండి. చికెన్ పక్కన సాసేజ్‌ల ప్యాకెట్ కూడా కాలుస్తుంటే ముందు మానాల్సింది అది. మొక్కజొన్న పొత్తులు, పుట్టగొడుగుల్లో ఆ ఎమీన్ల గొడవే దాదాపుగా లేదు.

మాడడం, పచ్చిగా ఉండడం రెండింటికీ కారణం ఒక్కటే: ముక్క నేరుగా మంట మీద ఉంది. కావలసింది సెగ. మన మారేడుమిల్లి, అరకు బొంగు చికెన్ చూడండి. వెదురు అడ్డం ఉంది కాబట్టి ముక్కకు మంట తగలదు, కొవ్వు నిప్పులో పడదు. గ్రిల్‌లో ఆ పని ఇలా చేయొచ్చు. కిలో లెగ్ పీసులకు కిలో, కిలోంపావు కట్టె బొగ్గులు తీసుకోండి. కిరోసిన్ పోయొద్దు, కాగితం ఉండలతో రాజేయండి. పైన తెల్లబూడిద పట్టేదాకా 20 నిమిషాలు ఆగి, నిప్పులన్నీ ఒక పక్కకే నెట్టండి. రెండో పక్క ఖాళీగా ఉండాలి. చర్మం తీసి, గాట్లు పెట్టిన ముక్కలను ఖాళీ పక్కన పెట్టి మూత వేయండి. 35 నుంచి 45 నిమిషాలు పడుతుంది, మధ్యలో ఒకసారి తిప్పితే చాలు. థర్మామీటర్ 70 దాటాక నిప్పుల పక్కకు జరిపి, అటూ ఇటూ తిప్పుతూ రెండు మూడు నిమిషాలు రంగు రానిచ్చి 74 చూసుకుని దించండి. వెన్న, నూనె తెగ పూస్తే కారి మంట లేస్తుంది. అప్పుడు నీళ్లు చల్లొద్దు, ముక్కను ఖాళీ పక్కకు లాగండి. తేనె, చక్కెర ఉన్న సాస్ ఆఖరి రెండు నిమిషాల్లోనే, లేకపోతే అదే ముందు మాడుతుంది.

మటన్ తొడ కూడా ఇదే ఏర్పాటుతో చేయొచ్చు, కానీ ఓపిక కావాలి. గ్రిల్ లోపల 110–130 డిగ్రీలు ఉండేలా కింది గాలి రంధ్రం కొద్దిగా తెరిచి, పై రంధ్రం పూర్తిగా తీసి ఉంచండి. తొడ కింద నీళ్ల పళ్లెం పెట్టండి. రెండు కిలోలకు 5, 6 గంటలు. లోపల 65–70 దగ్గర థర్మామీటర్ అంకె గంటసేపు కదలదు. పైన తేమ ఆరుతూ చల్లబరుస్తుంటుంది. ఆ కంగారులో నిప్పులు పెంచితేనే చెడుతుంది. 90 దాటాక కండ విడిపోతుంది. గడ్డకట్టిన తొడను మాత్రం నేరుగా పెట్టకండి, అంత తక్కువ సెగలో లోపలి భాగం గంటల తరబడి గోరువెచ్చగా ఉండి క్రిములకు పండగ అవుతుంది. పొగ కోసం ఎండిన మామిడి, జామ చెక్కలు వాడుకోండి. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్ వద్దు. గన్నేరు పుల్ల విషం, గుచ్చడానికి కూడా పనికిరాదు.

తీగల బ్రష్‌తో గ్రిల్ రుద్దితే తెగిన తీగముక్క ఆహారంలో కలిసి గొంతులోనో పేగులోనో గుచ్చుకోవచ్చు. బదులుగా సగం కోసిన ఉల్లిపాయతో వేడి జాలీని రుద్దండి. అయిపోయాక నిప్పుల మీద నీళ్లు పోసి, కలియబెట్టి, మళ్లీ పోసి, రాత్రంతా డాబా మీదే ఇనప బకెట్‌లో వదిలేయండి. చలిగా ఉందని ఆ బకెట్‌ను పడకగదిలోకి తెచ్చుకోవద్దు.