నోరు తెరిచినప్పుడు దవడ కీలు టక్కుమనడం ప్రమాదమా?

నోరు తెరిచినప్పుడల్లా చెవి ముందు టక్కుమంటోందని, నొప్పి మాత్రం లేదని మీరు రాశారు. కింది దవడ ఎముక కొసకూ కణత ఎముకకూ నడుమ మెత్తని దిండులాంటి చిన్న బిళ్ల ఉంటుంది. ముందుకు జారిన ఆ బిళ్ల, నోరు తెరిచేటప్పుడు తిరిగి తన చోటికి చేరుకోవడం వల్లే సాధారణంగా ఆ చప్పుడు పుడుతుంది. నొప్పి గానీ పట్టేయడం గానీ లేనంతవరకు, చప్పుడు ఒక్కదానికే చికిత్స అక్కర్లేదు.

అయితే ఎన్నాళ్లుగానో వినిపిస్తున్న చప్పుడు హఠాత్తుగా ఆగిపోయి, నోట్లో మూడు వేళ్లు నిలువుగా పట్టనంతగా దవడ బిగుసుకుంటే, అది నయమైనట్టు కాదు (చాలామంది పొరబడేది ఇక్కడే). బిళ్ల వెనక్కి రాలేక ఇరుక్కున్నదని అనుమానించి దంతవైద్యులను కలవాలి. నొప్పి మొదలైతే మెత్తని ఆహారం, వేడి కాపడం ఉపశమనమిస్తాయి. చెరకు, వక్క, చూయింగ్ గమ్ కొన్నాళ్లు మానండి.